పదివేలలో మెటల్ డిటెక్టర్: మన మట్టికి, మన చిల్లరకి ఏది పనికొస్తుంది?

పటమట_చిల్లర (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే కానీ రాయడం ఇదే మొదలు. మాది విజయవాడ పటమట. తాతయ్య కిళ్ళీకొట్టు గల్లాపెట్టెలో మిగిలిపోయిన చిల్లు కాణీలతో నాకు నాణేల పిచ్చి పట్టింది. ఇప్పుడు ఒక మెటల్ డిటెక్టర్ కొనాలని ఉంది. బడ్జెట్ పదివేలు, మహా అయితే పన్నెండు.

ఆన్‌లైన్‌లో ఆరువేలకి ఒకటి కనబడింది. "12 అడుగుల లోతు, బంగారం వెండి విడివిడిగా చెబుతుంది" అని రాశారు. ఫొటోలో ఒకాయన గుంటలోంచి బంగారు కడ్డీ తీస్తున్నాడు. అక్కడే నాకు కొంచెం అనుమానం వచ్చింది.

తిరిగే చోట్లు తెనాలి దగ్గర అమ్మమ్మగారి ఊరి పొలం, అప్పుడప్పుడు సూర్యలంక బీచ్. 2028 కృష్ణా పుష్కరాల నాటికి చెయ్యి తిరగాలని ఆశ. దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు? లంకెబిందెల జోకులు దయచేసి వద్దు, ఇంట్లో నాన్న వేస్తూనే ఉన్నారు.

సింగ్‌నగర్_శీను (9:22)

ఒక్కటే తమ్ముడూ, ఆపుకోలేకపోతున్నా. ఎటూ రెండు బిందెలు ఉంటాయి కదా, లంకె విప్పి ఒకటి ఇటు పంపు.

పాత_రేడియో (10:05)

శీనూ, పిల్లాడు వద్దన్నాడుగా.

బాబూ, ఆ 12 అడుగుల సంగతి ముందు తేల్చుకుందాం. నేను ముప్పై ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేశాను, కాబట్టి కాయిల్ గురించి కాస్త తెలుసు. ఈ మిషన్ అడుగున ఉండే పళ్ళెంలో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి అయస్కాంత క్షేత్రాన్ని కిందికి పంపుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో చిన్న కరెంటు తిరుగుతుంది, ఆ కరెంటు మళ్ళీ తన క్షేత్రాన్ని పైకి పంపుతుంది. రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. పోయేటప్పుడు బలం దూరపు ఘనం లెక్కన పడిపోతుంది, వచ్చేటప్పుడు ఇంకోసారి అలాగే. రెండూ కలిపితే ఆరో ఘాతం. నాణెం రెట్టింపు లోతుకి వెళ్తే కాయిల్‌కి చేరే సంకేతం 64వ వంతు అవుతుంది. ఇది ఏ కంపెనీ చేతిలోనూ లేని విషయం.

మన కొలతల్లో చెబుతాను. ఈ ధరలో మిషన్‌తో రూపాయి బిళ్ళ బెత్తెడు లోతులో హాయిగా మోగుతుంది, మట్టి మంచిదైతే జానెడు. ఇత్తడి బిందె అంత వస్తువైతే రెండు మూరలు. అంతే. 12 అడుగుల కింద ఏదైనా మోగాలంటే అది ఎడ్లబండి అయ్యుండాలి, అప్పుడు కూడా అనుమానమే. కాబట్టి లోతు అంకె చూసి కొనకు. ఆ అంకెని పెద్దక్షరాలతో వేసినవాడు మిగతావి కూడా నిజం చెప్పడని గుర్తుపెట్టుకో.

రేగడి_రైతు (సోమవారం, ఉదయం 5:40)

మాది ప్రత్తిపాడు వైపు, అసలు సిసలు నల్లరేగడి. నేను కొన్నది అలాంటి ఆరువేల మిషనే, ఏ కంపెనీయో చెప్పను, ఇప్పుడు ఆ పేరు కూడా మిషన్ మీద చెరిగిపోయింది. మిరప కోతల్లో మా ఆవిడ చెవి దిద్దు చేలో పడిపోయింది. కూలీల ముందు పరువు పోకూడదని కొన్నాను.

ఆన్ చేసి కిందికి దించగానే కీచుమంది. పైకెత్తితే ఆగింది. మళ్ళీ దించితే మళ్ళీ కీచు. చేనంతా బంగారమేనా అని మా వాడు నవ్వాడు. సెన్సిటివిటీ సగానికి తగ్గిస్తే నోరు మూసుకుంది కానీ అప్పుడు పలుగు పక్కన పెట్టినా పట్టించుకోదు. రెండు రోజులు తిప్పాం. మందు బిళ్ళల రేకులు మూడు, గుట్కా పొట్లాల వెండి కాగితాలు లెక్కలేదు, ముళ్ళకంచె ముక్కలు. దిద్దు దొరకలేదు. దిద్దు శీల దొరికింది.

పాత_రేడియో (7:15)

@రేగడి_రైతు అది మిషన్ పాడై కాదండీ, మీ మట్టి మాట్లాడుతోంది. నల్లరేగడిలో మాగ్నటైట్ లాంటి అయస్కాంత ఖనిజపు నలుసులు ఉంటాయి. కాయిల్‌కి మట్టే పెద్ద లోహపు ముద్దలా కనిపిస్తుంది. ఆ మట్టి శబ్దాన్ని సున్నా చేసుకునే ఏర్పాటునే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. చాలా చౌక మిషన్లలో అది ఫ్యాక్టరీలోనే ఒక సగటు మట్టికి బిగించేసి వస్తుంది. ఆ సగటు మట్టి మీ చేను కాదు. తిప్పుకునే నాబ్ ఉన్నా, బటన్ నొక్కి కాయిల్ పైకీ కిందికీ ఆడిస్తే తనే సరిచేసుకునేది ఉన్నా మీ బాధ సగం తీరేది.

పటమట బాబూ, నా ఓటు దీనికే. స్క్రీన్ లేకపోయినా ఫర్వాలేదు, గ్రౌండ్ బ్యాలెన్స్ మన చేతిలో ఉండాలి.

కాణీల_పిచ్చి (ఉదయం 8:30)

నేను ఒప్పుకోను మాస్టారూ. కాదు, సగం ఒప్పుకుంటాను. మట్టి తర్వాత అసలు తలనొప్పి మన చిల్లరే.

మోగిన లోహాన్ని బట్టి స్క్రీన్ మీద ఒక నంబరు చూపించే ఈ మిషన్లు ఎక్కువగా అమెరికా వాళ్ళ నాణేలని దృష్టిలో పెట్టుకుని చేసినవి. స్క్రీన్ మీద బొమ్మలు కూడా వాళ్ళ ఒక సెంటు, ఐదు సెంట్లు, పది, పాతిక. 'ఇనుము' అని ఎడమ పక్కన ఒక గది ఉంటుంది. అందరూ ఇచ్చే సలహా ఆ గది మూసెయ్యమని, మేకులు మోగకుండా. మన దగ్గర ఆ గది మూస్తే ఏమవుతుందో తెలుసా? 1992 నుంచి వచ్చిన రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. అయస్కాంతానికి అంటుకునే రకం. మిషన్ దాన్ని ఒకసారి ఇనుము అంటుంది, కాయిల్ అడ్డం తిప్పితే ఇంకోసారి పెద్ద నంబరు చూపిస్తుంది. అచ్చం కూల్‌డ్రింక్ సీసా మూత లాగే.

నమ్మకపోతే కృష్ణ ఒడ్డున పిల్లల్ని చూడండి. తాడు చివర అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి, భక్తులు వేసిన రూపాయిలు పైకి లాగుతుంటారు. అదే తాడుకి పాత రాగినికెల్ అర్ధరూపాయి ఒక్కటీ రాదు. ఆ పిల్లల ముందు మన పదివేల మిషన్ దండగ.

ఇక నాణేలు సేకరించేవాళ్ళకి కావలసినవి మాత్రం బాగానే పలుకుతాయి. 1943 నుంచి 47 దాకా వచ్చిన చిల్లు కాణీ కంచు, స్పష్టమైన చప్పుడు. 1957 నయాపైస కూడా కంచే. 1939 దాకా వచ్చిన బ్రిటిష్ రాణి, రాజుల వెండి రూపాయి పదకొండున్నర గ్రాముల పైనే, నూటికి 91 పాళ్ళకి మించి వెండి. అది మోగితే గుండె ఆగుతుంది. అల్యూమినియం పైసలు, ఆ గులాబీ రేకుల్లాంటి పది పైసలు, మందు బిళ్ళల రేకులకి చాలా దగ్గర నంబర్లలో పడతాయి. ఏం చేయలేం, తవ్వాల్సిందే.

కాబట్టి నేను స్క్రీన్, నంబరు ఉన్న మిషనే తీసుకుంటాను. కాకపోతే కంపెనీ ఇచ్చిన పట్టిక పక్కన పడేసి, ఇంట్లో ఉన్న ప్రతి నాణేన్ని కాయిల్ ముందు ఊపి నా పట్టిక నేనే రాసుకుంటాను.

రేగడి_రైతు (8:52)

ఇనుము గది మూసేస్తే నా ముళ్ళకంచె ముక్కలెలా దొరుకుతాయి? నాకు కావలసిందే ఇనుము. ట్రాక్టర్ టైరు పంక్చర్ అయితే ఎంతో మీకేం తెలుసు.

పాత_రేడియో (9:03)

మీకు మూయడం కాదు, వేరే గొంతు కావాలి. ఇనుముకి బొంగురు గొంతు, రాగి వెండికి సన్నగొంతు. రెండూ వినిపించాలి. మూడు రకాల చప్పుడు ఉన్నది చూసుకోండి, ఏ గొంతుకి తవ్వాలో మీ ఇష్టం.

సూర్యలంక_నడక (మధ్యాహ్నం 1:20)

బాపట్ల నుంచి. పటమట తమ్ముడు సూర్యలంక అన్నాడు కాబట్టి నా బాధ కూడా వినండి.

పొడి ఇసుకలో, అంటే కొబ్బరి బోండాల బండ్ల వైపు, ఏ మిషన్ అయినా పనిచేస్తుంది. జనం కూర్చునేదీ అక్కడే, వస్తువులు జారేదీ అక్కడే. కానీ అల తాకే తడి ఇసుకలోకి దిగితే కథ మారుతుంది. ఉప్పునీరు కరెంటుని మోస్తుంది, దాన్నే లోహం అనుకుని మిషన్ ఏడుస్తుంది. దానికి తోడు ఇసుకలో నల్ల చారలు చూశారా, అవి బరువు ఖనిజాలు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్‌తో ఈ రెంటినీ ఒకేసారి రద్దు చేయడం కష్టం. ఉప్పుకి సరిచేస్తే నల్ల ఇసుక మోగుతుంది, దానికి సరిచేస్తే ఉప్పు మోగుతుంది. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మిషన్లకి ఇక్కడే విలువ.

పదివేలలో అలాంటిది కొత్తది రాదు. మైన్‌ల్యాబ్ వాళ్ళ వాంక్విష్ వరసలో చిన్నది 340, అది బహుళ ఫ్రీక్వెన్సీలది, ఆ రకంలో చవక. అయినా నీ బడ్జెట్ దాటుతుంది. నోక్టా సింప్లెక్స్ ప్లస్ ఒకే ఫ్రీక్వెన్సీ, 12 కిలోహెర్ట్జ్, కానీ మూడు మీటర్ల నీళ్ళలో మొత్తం మునిగినా ఫర్వాలేదు, మట్టికి సరిచేసుకోవచ్చు. అదీ దాటుతుంది. గారెట్ ఏస్ 250 పాతది, 6.5 కిలోహెర్ట్జ్, నాలుగు పెన్సిల్ సెల్లు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అడుగు. కాకపోతే దాని గ్రౌండ్ బ్యాలెన్స్ ముందే బిగించి ఉంటుంది, పైన మాస్టారు అన్నది గుర్తుంచుకో.

ఒక్క మాట: వాటర్‌ప్రూఫ్ అని రాస్తే, కాయిల్ మాత్రమేనా, పైన పెట్టె కూడానా అని అడుగు. నా మొదటి మిషన్‌కి కాయిల్ మాత్రమే. పెద్ద అల వచ్చింది. ఇంకేం చెప్పను.

ఈసీఈ_మూడో_ఏడు (సాయంత్రం 6:45)

అన్నా, కొనడమెందుకు? మేం మినీ ప్రాజెక్టుకి పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ చేశాం, అంటే క్షేత్రాన్ని ఆగకుండా కాక చిన్న చిన్న దెబ్బలుగా పంపే రకం. 'పైరేట్' అని ఒక ప్రసిద్ధ సర్క్యూట్ ఉంది, ఒక 555 టైమర్, ఒక టీఎల్ 072, ఒక మాస్‌ఫెట్, 12 వోల్టుల బ్యాటరీ. కాయిల్ అన్నం గిన్నె చుట్టూ పాతిక చుట్లు చుట్టి గిన్నె లాగేశాం. పల్స్ రకం కాబట్టి మట్టి గోల, ఉప్పు గోల తక్కువ.

పాత_రేడియో (7:02)

శభాష్. మరి ఇనుముకీ వెండికీ తేడా చెబుతోందా?

ఈసీఈ_మూడో_ఏడు (7:04)

చెప్పదు సార్. అన్నిటికీ ఒకటే అరుపు. కాలేజీ గ్రౌండ్‌లో ఎన్ని మేకులున్నాయో మాకు ఇప్పుడు తెలుసు.

సింగ్‌నగర్_శీను (రాత్రి 8:15)

ఇప్పుడు సీరియస్‌గా ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చి వెళ్ళాక, మోకాటి లోతు బురదలో మా అమ్మ ముక్కుపుడక, బీరువా తాళాలు వెతకడానికి తెలిసినవాళ్ళ దగ్గర మిషన్ తెచ్చాను. ఇంట్లో అది అసలు పనిచేయదు. గోడలో కమ్మీలు, నేలలో పైపులు, తలుపు బందులు, అన్నీ మోగుతాయి. బురదని బకెట్లతో బయటికి తెచ్చి, ప్లాస్టిక్ పట్టా మీద పలచగా పరిచి, అప్పుడు ఊపాం. తాళాలు మొదటి బకెట్లోనే. ముక్కుపుడక రాలేదు, అంత చిన్నదాన్ని ఆ మిషన్ ముక్కు దగ్గర పెట్టినా పట్టలేదు.

కాణీల_పిచ్చి (8:31)

సన్న బంగారం తక్కువ ఫ్రీక్వెన్సీకి కనబడదు శీనూ. సన్న గొలుసు కూడా అంతే. మనకి గొలుసు ఒకటే వస్తువు, మిషన్‌కి మాత్రం దేనికది విడి లంకె. తులం ఉంగరం మోగుతుంది, తులం గొలుసు మోగకపోవచ్చు.

బెజవాడ_వకీలు (రాత్రి 10:40)

ఇంతమంది ఇన్ని చెప్పారు, చట్టం ఒక్కరూ ఎత్తలేదు. ఫీజు లేకుండా చెబుతున్నా, వినండి.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా బతికే ఉంది. భూమిలో దాగి ఉన్న విలువైనది ఏదైనా 'నిధి'. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. అవును, పది రూపాయలే, అప్పటి లెక్క అలాగే ఉంది. తెలిపితే, ఆ తర్వాత హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక వాటా. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు అదనంగా ఇచ్చి తీసుకోవచ్చు. తెలపకుండా దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడానికి మీకు వీల్లేదు.

ఇక చోటు. ఉండవల్లి గుహలు, అమరావతి స్తూపం, భట్టిప్రోలు స్తూపం ఛాయల్లో మిషన్ సంచిలోంచి బయటికి తీయవద్దు. అవి కేంద్ర రక్షిత కట్టడాలు, అక్కడ పార దించితే నేరుగా కేసు. 'మా పొలం పక్కనే' అనే వాదన నా దగ్గరికి చాలాసార్లు వచ్చింది, నిలబడలేదు.

ఘాట్‌లో ఉంగరం దొరికితే అది నిధి కాదు, ఎవరో పారేసుకున్న వస్తువు. స్టేషన్‌లో అప్పగించాలి. ఉంచేసుకుంటే అది వేరే నేరం.

కాణీల_పిచ్చి (10:58)

వకీలు గారి మాటకి నా వంతు. అమరావతి దిబ్బని ఇళ్ళకి రాళ్ళ కోసం తవ్వుతుండగా 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూశాడు కాబట్టి మనకి ఆ మాత్రమైనా తెలిసింది. శాతవాహనుల సీసపు నాణెం ఏ లోతులో, దేని పక్కన ఉందన్నదే దాని చరిత్ర. మనం తీసి జేబులో వేసుకుంటే అది ఉత్త సీసం బిళ్ళ. నాకు ఎంత పిచ్చి ఉన్నా అటు వెళ్ళను.

సూర్యలంక_నడక (11:10)

మిషన్ పట్టుకుని రద్దీ ఘాట్‌లోకి వెళ్తే పోలీసులు కూడా అడుగుతారు తమ్ముడూ. నన్ను ఒక కానిస్టేబుల్ అడిగాడు, తప్పు కాదు, వాళ్ళ పని అది. చివరికి ఆయన కూడా కాసేపు ఊపి చూశాడు.

పటమట_చిల్లర (శనివారం, రాత్రి 7:30)

అందరికీ థాంక్స్. ఆరువేలది వదిలేశాను. ఎనిమిదివేలకి ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ దొరికింది, నాబ్‌తో గ్రౌండ్ బ్యాలెన్స్, మూడు గొంతులు, చిన్న స్క్రీన్. ఇవాళ డాబా మీద పూలకుండీల్లో నాణేలు పాతి పరీక్ష పెట్టాను. ఫలితం ఘోరం. ఖాళీ కుండీ కూడా మోగుతోంది. మోసపోయానా? టెన్షన్‌గా ఉంది.

పాత_రేడియో (7:34)

డాబా మీదా? నాయనా, నీ కాళ్ళ కింద స్లాబ్ నిండా కమ్మీలే కదా!

పటమట_చిల్లర (7:36)

అయ్యో.

పాత_రేడియో (7:41)

రేపు మట్టి ఉన్న ఖాళీ స్థలానికి వెళ్ళు. కరెంటు తీగల కింద వద్దు. జేబులో ఫోను, చేతికి కడియం తీసెయ్. బెల్టు బకిల్ కూడా చూసుకో. సెన్సిటివిటీ నిండుగా పెట్టకు, ముప్పావు చాలు. కాయిల్ నేలకి ఆనీ ఆననట్టు, చీపురుతో ఊడ్చినట్టు సమంగా తిప్పు. చివర్లో పైకి లేపకు, కొత్తవాళ్ళంతా గంటలోలకంలా ఊపుతారు.

పటమట_చిల్లర (ఆదివారం, సాయంత్రం 5:15)

అమ్మమ్మగారి ఊళ్ళో చేశాను. చిల్లు కాణీ బెత్తెడు లోతులో ప్రతిసారీ ఒకే నంబరు. ఆరంగుళాల్లో నంబరు ఊగింది, చప్పుడు మాత్రం ఉంది. కొత్త రూపాయి పిచ్చి పిచ్చిగా అటూ ఇటూ గెంతింది, కాణీల అన్న చెప్పినట్టే. ఇత్తడి ఐదు రూపాయలు చక్కగా ఒకేచోట నిలబడింది. అమ్మమ్మ వెండి మెట్టె పైపైన మోగింది, బెత్తెడు లోతులో లేదు. రెండు గంటలకి భుజం లాగేసింది, దీని గురించి ఎవరూ చెప్పలేదేం? ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది కానీ వాల్యూమ్ తగ్గించే వీలు లేదు, చెవిలో కాకి కూర్చున్నట్టుంది.

రేగడి_రైతు (5:50)

వాల్యూమ్ నాబ్ పెట్టడానికి ఎంతవుతుంది వాళ్ళకి? పాతిక రూపాయలా? నాదీ అదే గోల. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఇంకో దండగ. మా ఊరి కొట్లో పెన్సిల్ సెల్లు ఉంటాయి, ఆ చదరపు బ్యాటరీకి గుంటూరు పోవాలి.

కాణీల_పిచ్చి (6:20)

నాకైతే చిన్న కాయిల్ కావాలి, విడిగా అమ్మాలి. పెద్ద కాయిల్ కింద ఒకేసారి మేకు, కాణీ రెండూ పడితే మేకే గెలుస్తుంది. పాత ఇళ్ళ దొడ్లల్లో అరచేయంత కాయిల్‌తో మేకుల మధ్య నుంచి కాణీలు ఏరొచ్చు. పెద్ద కాయిల్‌తో లోతు వస్తుందంటారు కానీ చెత్త ఉన్నచోట ఆ లోతు దేనికి?

సూర్యలంక_నడక (6:33)

విరిగిపోయే ప్లాస్టిక్ మర లేని కడ్డీ, కాయిల్‌కి మూత, పదివేలకే ఉప్పు ఇసుక మోడ్. చివరిది అత్యాశ అని తెలుసు.

పాత_రేడియో (6:40)

చెవి ఉంటే స్క్రీన్ అక్కర్లేదని ఇప్పటికీ నా మాట. గ్రౌండ్ నాబ్ ఒకటి, వాల్యూమ్ నాబ్ ఒకటి, ఇనుముకి వేరే గొంతు. తక్కినదంతా అలంకారం.

కాణీల_పిచ్చి (6:42)

మాస్టారి చెవి అందరికీ ఉండదు కదండీ.

తెనాలి_లలిత (రాత్రి 8:05)

ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నాను. పటమట తమ్ముడూ, మీ అమ్మమ్మగారి ఊరు మాకు దగ్గరే అనుకుంటాను. సంక్రాంతికి మా అన్నయ్యవాళ్ళ దొడ్లో మా పాప వెండి పట్టీ పోయింది. కొత్త పట్టీలు కొనిస్తానన్నా ఊరుకోవడం లేదు. వచ్చే ఆదివారం ఒకసారి మిషన్ తెస్తావా? మా వదిన భోజనం పెడుతుంది.

పటమట_చిల్లర (8:07)

తప్పకుండా అక్కా. మిషన్‌కి మొదటి నిజమైన పని ఇదే.

తెనాలి_లలిత (తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:20)

పట్టీ దొరికింది!

రేగడి_రైతు (6:25)

ఎక్కడ? ఎంత లోతులో? మిషన్ ఏం గొంతుతో మోగింది?

పటమట_చిల్లర (6:48)

గేదెల కుడితి తొట్టి పక్కన గట్టిగా మోగింది. బొంగురు గొంతు, సన్నగొంతు కలిసి. తొట్టి సిమెంటుది, లోపల కమ్మీ ఉంది కాబట్టి దాని అరుపే అనుకుని వదిలేయబోయాను. వదిన గారు మాత్రం తొట్టి జరిపి చూద్దామన్నారు. నలుగురం కలిసి జరిపాం. పట్టీ దాని కింద బురదలో ఉంది, రెండు మువ్వలు తక్కువ.

తెనాలి_లలిత (6:55)

మిగతా రెండు మువ్వల కోసం పాప రేపు కూడా రమ్మంటోంది.

పాత_రేడియో (7:01)

మువ్వలు చిన్నవి, కాయిల్‌తో కష్టం. ఆ బురద తీసి జల్లెడ పట్టండమ్మా.